ఏ కొసన ముట్టించాలో రాయని వాము చుట్ట

1996 జూన్ 10, సోమవారం నాడు నేను రావులపాలేనికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక లంక గ్రామంలో, ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలకు వైద్యాధికారిగా చేరాను. సిబ్బంది ముగ్గురం: నేను, కాంపౌండరు, అటెండరు పేరమ్మ. అటెండరంటే తలుపు తీయడం, చీటీలు ఇవ్వడం, కషాయం వడకట్టడం. పేరమ్మ వీటితోపాటు రోజుకు నాలుగు చుట్టలు కాల్చేది. మానమని ఆగస్టు నెలాఖరుకు పదిహేడు సార్లు చెప్పాను. లెక్క రాసుకున్నాను కనుక తెలుసు.

ఆగస్టు 20, మంగళవారం జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఊళ్లో సుబ్బరాజు గారని, పూర్వం లంకపొగాకు చుట్టలు చుట్టించేవారు. దగ్గు పట్టుకుని ఏడాది కిందట ఆ వ్యాపారం ఆపేశారు. షెడ్డులో చుట్టే ఆడవాళ్లు పదకొండు మంది పని లేక కూర్చున్నారు. వాళ్లకోసం ఆయన వాము, తులసి, అడ్డసరం, అతిమధురం కలిపి ఎండు అరిటాకులో చుట్టిన ‘వాము చుట్ట’ తయారుచేసి, మందుగా అమ్ముకోవడానికి అనుమతి అడిగారు. అందులో పొగాకు లేదని స్థానిక వైద్యాధికారి రాసివ్వాలి. గడువు గురువారం. రాయకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

ఉత్తరంలో వాక్యం ఇది: ‘వైద్యాధికారి స్వయముగా ధూమపానము జరిపి రంగు, వాసన, రుచి నమోదు చేయవలెను.’ ధూమపానం మా శాస్త్రంలో ఒక చికిత్స. మందులను వత్తిగా చేసి పొగ పీల్పిస్తారు. దరఖాస్తులోనూ, ఉత్తరంలోనూ ఆ అర్థమే. అయితే వైద్యశాల గుమ్మం మీద ‘ఈ ఆవరణలో ధూమపానం నిషేధం’ అన్న బోర్డు ఉంది. జూలై ఒకటిన దాన్ని పెట్టించింది నేనే. ఉత్తరాన్ని కాదనలేను, నా బోర్డును నేనే దాటలేను. చివరకు బుధవారం ఉదయం 9.40 నుంచి 10.25 వరకు బోర్డును గోడవైపు తిప్పించి, ఆ సంగతి రిజిస్టరులో నమోదు చేశాను. వరండాలో ఉన్న పద్నాలుగు మంది రోగులలో ఒక్కరూ చీటీ అడగలేదు. అందరూ కిటికీ దగ్గరకు వచ్చారు.

సుబ్బరాజు గారు రేకు డబ్బాలో ఆరు చుట్టలు తెచ్చారు. ఏ కొసన ముట్టించాలో డబ్బా మీదా లేదు, దరఖాస్తులోనూ లేదు. ఒకటి పేరమ్మకిచ్చి ఎలా కాల్చాలో చూపించమన్నాను. ఆమె ముట్టించి, చటుక్కున తిప్పి నిప్పు కొసను నోట్లో పెట్టుకుంది. దాన్ని అడ్డచుట్ట అంటారు. వాళ్ల అమ్మది శ్రీకాకుళం వైపు, అలవాటు అక్కడిది.

“అందరూ అవతలి కొస పెట్టుకుంటారు కదా” అన్నాను.

“అలా అయితే సగం రుచి గాలికే పోద్దండి డాక్టరమ్మ గారూ. మీరు రుచి రాయాలన్నారు కదండి” అంది.

ఉత్తరంతో వచ్చిన పత్రంలో నేను నింపవలసింది రుచి గడి. కచ్చితమైన పద్ధతి ఉండగా సగం పద్ధతి పాటించడం నాకు చేతకాదు. చుట్ట ముట్టించి, తిప్పి, నోట్లో పెట్టుకున్నాను. శాస్త్రం ప్రకారం మూడు దమ్ములు పీల్చాలి. మొదటిది పూర్తికాలేదు. గడిలో రాయడానికి నాకు తెలిసిన రుచి నిప్పు ఒక్కటే. కాంపౌండరు నా నాలుకకు నెయ్యి పూశాడు. కిటికీ దగ్గర ఎవరో “పాపం, కొత్త కదండి” అన్నారు.

పేరమ్మ మాత్రం తాపీగా కాల్చి, “ఇందులో లంకాకు ఉందండి” అంది.

సుబ్బరాజు గారి మొహం పాలిపోయింది. “ఏంటి పేరమ్మా, నా నోటికాడ కూడు తీసేత్తావా? షెడ్డులో పొగాకు రవ్వంత లేదు. నాలుగు సార్లు సున్నం వేయించాను.”

“మీ షెడ్డు సంగతి నాకు తెలవదండి. మొదటి దమ్ములో ఉంది. రెండో దమ్ముకి లేదు.”

మొదటి దమ్ములోనే ఉందంటే దోషం కొసలో ఉండాలి. నాకు మాట రావడం లేదు కనుక మందుచీటీ మీద ‘కొస దేనితో అంటిస్తారు?’ అని రాసి ఆయనకు చూపించాను. ఆయన చదివి డబ్బాలోంచి ఒక చుట్ట తీసి కొస చూపించారు.

“మా వాళ్లు నాలికతో తడిపి నొక్కేత్తారండి.”

పదకొండు మందిలో ఎందరు బుగ్గన పొగాకు పెట్టుకుంటారని రాశాను. తొమ్మిది మందట.

“అందుకేనండి, ఆ కొస ముట్టించి నోట్లో పెట్టుకోవాలి. నిప్పుకి ఎంగిలుండదు” అంది పేరమ్మ. ఆ ఉదయం నాకు ఊరట కలిగించిన మాట అదొక్కటే.

మర్నాడు గంజితో అంటించిన ఆరు చుట్టలు వచ్చాయి. నా నాలుక ఇంకా పనిచేయడం లేదు. పేరమ్మ రెండు కాల్చి, “ఇప్పుడు లేదండి. చుట్ట కూడా లేదనుకోండి. వాము చారు కాల్చినట్టుంది” అంది. రుచి గడిలో ‘వాము చారు’ అని రాసి, రుచి చూసినవారి పేరుగా పేరమ్మ పేరు వేసి, ఆమె సంతకం తీసుకుని గురువారం పంపించాను.

సెప్టెంబరు 9న తిరుగు ప్రశ్న వచ్చింది: రుచి నిర్ణయించడానికి అటెండరుకు గల అర్హత ఏమిటి? సమాధానం రాశాను. ముప్పై ఒక్క ఏళ్లు, రోజుకు నాలుగు చొప్పున నలభై అయిదు వేల రెండు వందల అరవై చుట్టలు. మధ్యలో ఎనిమిది లీపు సంవత్సరాలు వచ్చాయి కనుక మరో ముప్పై రెండు. వైద్యాధికారి అనుభవం ఒక చుట్ట, అదీ అసంపూర్ణం.

అక్టోబరులో అనుమతి వచ్చింది. పదకొండు మందీ పనిలోకి వెళ్లారు. ప్రతి పీట పక్కనా గంజి గిన్నె పెట్టారని నేను వెళ్లి చూసి రాసుకున్నాను. పేరమ్మ ఆ చుట్ట ఒక్కటీ కొనలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది: పరీక్ష ఎవరు చేయగలరో వారి పేరే గడిలో ఉండాలి, హోదా ఏదైనా సరే. 2007లో రిటైరయ్యేవరకు నా దగ్గరికి వచ్చిన ప్రతి నమూనా పత్రంలో ఒక గడి చేతితో గీసి చేర్చాను: ‘ముట్టించవలసిన కొస’. లేహ్యాలకు కూడా.