చుక్కల మీద పసుపు

మా ఇంట్లో ఆయుధ పూజకి పెట్టని వస్తువంటూ లేదు. మావారు లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైనవారు. ఆయన స్పానర్లు, సుత్తి, మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను, కత్తిపీట, స్కూటరు, అన్నీ దసరా నాడు అమ్మవారి ముందుకి రావలసిందే. ఏడాది పొడుగునా మన పని చేసిపెట్టిన వాటికి ఒక్కరోజు దండం పెట్టుకుంటే తప్పేముంది? ఆ వరుసలో చివర నా చుక్కల యంత్రం ఉండేది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. బడికి వెళ్ళలేదు. షెడ్‌లోనే పనిచేసే మా నాన్న అక్కడి తుక్కు చెక్క ఒకటి తెచ్చి, దానికి ఆరు బెజ్జాలు చేసి, వాటిలో రివిట్లు పెడుతూ తీస్తూ నాకు బ్రెయిలీ అక్షరాలు నేర్పారు. తరవాత ఎక్కడినుంచో పలకా, పొడిచే సూదీ తెప్పించారు. మందపాటి కాగితం మీద కుడినుంచి ఎడమకి పొడుచుకుంటూ రాసి, తిప్పి చదువుకోవాలి. చుక్కల యంత్రం దానికి మునిమనవరాలు. జానెడు పొడుగు పెట్టె మీద ఇరవై గదులు. ఆరు మీటలతో కొట్టి లోపల దాచుకున్న రాత ఇరవై అక్షరాల చొప్పున సన్నని మేకుల్లా వేలి కిందకి లేస్తుంది. మీట నొక్కితే దిగిపోయి తరవాతి ఇరవై లేస్తాయి. మావారు రిటైరైనప్పుడు కొన్నాం. ఆ ధరకి రెండు కొత్త స్కూటర్లు వచ్చేవి. ఆయన ఇప్పటికీ పాతదే నడుపుతున్నారు, ఒక్కనాడూ ఎత్తిచూపలేదు. దేవుడు నాకు చేసిన మేళ్ళలో ఆయన్ని మొదట రాసుకుంటాను.

ఆ యంత్రంతో నాకు ముఖ్యమైన పని కార్తీకమాసంలో. మా అత్తగారు నెలరోజులూ సంధ్యాదీపం పెట్టాక పురాణంలో రోజుకో అధ్యాయం చదివేవారు. హిందీ ఊళ్ళో రైల్వే వీధి మాది, అక్కడి మన తెలుగు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చునేవారు. ఒక్కరోజు తప్పకూడదు, నోటికొచ్చినా సరే రాత చూసే చదవాలి. ఆవిడ పెట్టిన నియమాలివి. పోతూ పోతూ ఆ పని నాకు అప్పజెప్పారు. కళ్ళున్నవాళ్ళని వదిలి నాకెందుకంటే, వీధిలో కళ్ళున్నవాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. మావారితో సహా అందరూ రైల్వే బడిలో హిందీ చదువుకున్నవాళ్ళే. చదవడం వచ్చింది ఎదురింటి పిన్నికొక్కదానికే. ఆ ఏడు ఆవిడ పుస్తకం చూసి చదువుతుంటే నేను ముప్ఫై అధ్యాయాలూ యంత్రంలోకి ఎక్కించుకున్నాను. తరవాత పిన్నికి నీటికాసులు వచ్చి చూపు మసకేసింది. అప్పటినుంచీ కళ్ళున్నవాళ్ళకి కళ్ళులేని నేనే చదివి వినిపిస్తున్నాను. ఎనిమిదేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు.

కిందటి దసరాకి తప్పు చేశాను. అంతకుముందు ఏటా యంత్రం పెట్టె మూత మీద పొడి కుంకుమ పెట్టేదాన్ని. ఆ ఏడు ఎందుకో మనసు నిండిపోయింది. ఇంత సేవ చేసినదానికి పొడిపొడిగా పెట్టడమేమిటని పసుపూ గంధమూ తడిపి, మూత తీసి మరీ పెట్టాను. వేలికి అలవాటైన చోటు ఒకటే కదా. అది నేరుగా చుక్కల మీదకే వెళ్ళింది. పెట్టాక గానీ తెలియలేదు. తడిగుడ్డతో తుడిచాను. తుడవడంతో ఉన్నది కాస్తా లోపలికి దిగింది.

మొదట చుక్కలు బద్ధకంగా లేచాయి. దీపావళి పదిరోజులుందనగా మూడు గదులు లేవడం మానేశాయి. బ్యాటరీ అంతకుముందే పోయింది, కరెంటుకి తగిలిస్తేనే పనిచేసేది. కార్తీకం ఇంకా వారం ఉందనగా అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను.

ఫోనెత్తినాయన మర్యాదస్తుడు. హిందీలో చాలా వినయంగా, మీ మోడల్ ఆపేసి మూడేళ్ళయింది, విడిభాగాలు రావు, కొత్తది తీసుకోండి అన్నాడు. ధర చెప్పాడు. ఈసారి స్కూటర్లు మూడు. సరే, నా రాతలైనా కొత్తదానిలోకి వస్తాయా అంటే, రావండీ, పద్ధతి మారిపోయింది అన్నాడు. నా వేళ్ళతో నేను కొట్టుకున్న అక్షరాలు నాకు రాకుండా పోయే పద్ధతి ఏమిటో నాకు బోధపడలేదు. చివర్లో, దానిమీద ఏమైనా ఒలికిందా అని అడిగాడు. పసుపు అన్నాను. పసుపా అన్నాడు. పూజ చేశానని చెప్పాను. ఆయన నవ్వలేదు. అందుకు ఆయనకి నమస్కారం. కానీ పసుపు పడకపోయినా మేము చేసేదేమీ లేదమ్మా అన్నాడు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. నా తప్పుకి నేను లెంపలేసుకుని కూర్చుంటే, ఆ తప్పుకి కూడా విలువ లేకుండా చేశాడు.

ఇదొక్కటే అయితే ఓర్చుకుందును. మాట్లాడే గడియారం కొన్నాను. గొంతు పోయింది, ఆ గొంతు ఇప్పుడు తయారు కావడం లేదట. ఫోన్‌లో తెలుగు చదివే గొంతు బాగుండేది. ఒకరోజు దానంతటదే కొత్తదై, అంకెలన్నీ హిందీలో చదవడం మొదలెట్టింది. సహాయం ఇస్తారని ఒక ఆఫీసుకి వెళ్తే, చూపు లేనివాళ్ళకోసమే అచ్చేసిన ఫారం ఒకటి ఇచ్చారు. దాని కింద చదివి అర్థం చేసుకున్నాను అని ఉందట, అక్కడ వేలిముద్ర వెయ్యమన్నారు. మా వస్తువుల సంగతి ఇంతే. వంటింట్లో గరిట ధరకి దొరికేది, దానికి మాట నేర్పితే బంగారం ధర అవుతుంది. వేళ్ళకి అలవాటయ్యేసరికి దాన్ని ముసలిదంటారు.

మావారు అంతా విని యంత్రాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

“నలబై ఏళ్ళ ఇంజనుకి షెడ్‌లో బోల్టు దొరుకుతాది. తొమ్మిదేళ్ళ దీనికి దొరకదేటి?” అన్నారు. “విప్పీనా?”

వద్దన్నాను. విప్పితే ఉన్న పదిహేడూ పోతాయని నా భయం. “ఇప్పుడు మాత్రం ఏటి ఉందే పోడానికి” అన్నారు. అదీ నిజమే. ఆయన స్పిరిటులో దూది ముంచి, సన్నతీగతో ఒక పూటంతా ఊపిరి బిగబట్టి గోకారు. ఒక గది లేచింది. రెండు లేవలేదు. ఫిట్టరుగారికి అది చిన్నతనమైంది.

ఫోన్‌లో పురాణం పెట్టీసుకోరాదా అని పక్కింటి కోడలు సలహా ఇచ్చింది. ఒక సాయంత్రం ముందుగా పెట్టి విన్నాం. సగం అధ్యాయంలో, ఉల్లిపాయ కూడా ముట్టకుండా వినే పురాణం మధ్యలో, చికెన్ మసాలా ప్రకటన వచ్చింది. ఆ సలహా మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

పద్దెనిమిది గదులతోనే మొదలుపెట్టాను. చచ్చిన గదుల్లో పడ్డ అక్షరాలు ఊహకి అందకపోతే, ముందర రెండు ఖాళీలు కొట్టేదాన్ని. రాతంతా రెండు గదులు పక్కకి జరిగేది. వినేవాళ్ళు ఓపిగ్గా కూర్చునేవారు. అది ఎన్నాళ్ళుంటుందో తెలియదు కనుక, పొద్దున్న వంట కాగానే నాన్న తెచ్చిన పలక తీసి, ఎడమచేత్తో యంత్రం చదువుతూ, ఆగి, కుడిచేత్తో కాగితం మీద పొడవడం మొదలుపెట్టాను. కాగితాలకి పాత గోడ క్యాలెండర్లు. రోజుకో అధ్యాయం పట్టేది. చూపుడువేలు కాయ కాసింది. దేవుడి మీద కాదు గానీ, ఆ కంపెనీ మీద మాత్రం పొడుపుకొక మాట అనుకున్నాను. కార్తీకంలో అనుకోకూడనివి కూడా.

ఇరవై ఆరో అధ్యాయం కాగితం మీదకి వచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. యంత్రం మాత్రం రాలేదు. మీటలన్నీ నొక్కాను. ఆయన ప్లగ్గు మార్చారు. వేలి కింద ఇరవై గదులూ పళ్ళెంలా నున్నగా ఉన్నాయి. ఆ సాయంత్రం కాగితం చూసి చదివాను. ఇంకా నాలుగు అధ్యాయాలు. అత్తగారి మాట నా చేతిలో ఆగిపోతుందని భయం.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి పిన్ని వచ్చింది. ఒక చేతిలో ఆ పాత పుస్తకం, ఇంకో చేతిలో భూతద్దం.

“నాకు ఒక్కో అక్షరం కాకరకాయంత కనిపిస్తంది. అదీ ఒక పక్కనే” అంది. “నువ్వు పొడువు, నాను కూడబలుక్కుంతాను.”

“నీ కళ్ళకి కష్టం పిన్నీ.”

“మనిద్దరికీ కలిపి అరకన్ను ఉందే అమ్మీ. చాల్దేటి?”

ఒక్క అధ్యాయానికి పొద్దుటినుంచి మూడు గంటలయ్యేదాకా పట్టింది. పిన్ని కళ్ళు నీళ్ళు కారేవి. తుడుచుకుని, ఎక్కడ ఆపిందో తెలియక మొదటినుంచి చదివేది. నేను విసుక్కునేదాన్ని. ఆవిడ నన్ను తిట్టేది. పొడిచేసిన వాక్యం చెరపడానికి వీల్లేదు, గోటితో చుక్కలు నొక్కుకోవాలి. మావారు మా ఇద్దరికీ టీలు పెట్టి, కళ్ళున్నందుకు సిగ్గుపడుతున్నట్టు తలుపు దగ్గర నిలబడేవారు. అలా నాలుగు రోజులు. సాయంత్రం దీపం వెలిగేసరికి కాగితం నా ఒళ్ళో ఉండేది. అమావాస్య నాడు ముప్ఫయ్యో అధ్యాయం చదివాను, రాత చూసే చదివాను. అందరూ అక్షింతలు వేసుకుని లేస్తుంటే పిన్ని మాత్రం మధ్యలో ఒక మాట మింగేశావే అంది. మింగింది నేను కాదు, పొద్దున్న చదివి చెప్పేటప్పుడు ఆవిడే.

ఇప్పుడు క్యాలెండర్ కాగితాల కట్ట ట్రంకుపెట్టెలో ఉంది, మొయ్యలేనంత బరువు. మొదటి అధ్యాయాల చుక్కలు అప్పుడే కొంచెం అణిగాయి. మూడు స్కూటర్ల యంత్రం కొనలేదు. ఆ మర్యాదస్తుడు మాత్రం రెండుసార్లు ఫోన్ చేసి, కొత్త మోడల్‌కి ఇంకా కొత్తది వస్తోందమ్మా, ఆగి తీసుకోండి అని మంచిమాటే చెప్పాడు.

ఈ దసరాకి పలకా, సూదీ అమ్మవారి ముందు పెట్టాను. మూల మీద పొడి కుంకుమ, అంతే. మావారు చచ్చిపోయిన యంత్రం కూడా తెచ్చి, దీన్నేటి చేద్దామే అన్నారు. ఎనిమిదేళ్ళు చదివించిందిగా, పెట్టండి అన్నాను. పసుపూ గంధమూ తడిపాను. మూత తీసి, ఇరవై గదుల మీదా ఈ చివరినుంచి ఆ చివరిదాకా బాగా దట్టంగా రాశాను.