క్రేన్ సూర్యం కడుపు

ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే భాలుబాసా వీధిలో సూర్యం అంటే ఎవరూ పోల్చుకోరు, క్రేన్ సూర్యం అనాలి. పక్కనున్న ఆదిత్యపూర్‌లో ఓ చిన్న కార్ఖానాలో షెడ్డు కప్పు కింద తిరిగే క్రేన్‌ని పదకొండేళ్లుగా అతనే నడుపుతున్నాడు. మొండిఘటం. జ్వరమొచ్చినా నిచ్చెన ఎక్కేస్తాడు.

రెండేళ్ల కిందట వానల్లో కుళాయి నీళ్లలో మురుగు కలిసి, వీధి వీధంతా విరేచనాలతో మంచం పట్టింది. వారానికి అందరం లేచాం. సూర్యమూ లేచాడు గాని అతని కడుపు మాత్రం కుదుటపడలేదు. నాలుగు రోజులు బాగుంటే నాలుగు రోజులు నొప్పి, పరుగు. నీళ్లు పడలేదులే అని మేమంతా తేల్చేశాం, పెద్ద వైద్యుల్లాగా!

హుక్కుకి సరుకు వేలాడుతుండగా క్రేన్ ఆపరేటరు సీటు వదలకూడదు. కింద మనుషులుంటారు. అందుకని సూర్యం పొద్దుటి తిండి మానేసి, విరేచనాలు ఆపే మాత్ర రోజూ మింగి ఎక్కడం మొదలుపెట్టాడు. మొన్న దసరా వెళ్లాక విరేచనంలో రక్తం కనిపించింది. నోరు విప్పలేదు. వాళ్ల నాన్న అసిరయ్య పెద్దపేగు కేన్సర్‌తో పోయాడు, అదీ రక్తంతోనే మొదలైంది. బయటికి అంటే నిజమైపోతుందని భయం, వెర్రివాడికి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొన్న మాఘంలో రెండు టన్నుల ఇనుప అచ్చు గాలిలో ఉండగా కడుపు మెలిపెట్టింది. చెమటలు కక్కుతూ దాన్ని నేలకి దించి, సీట్లోనే కూలబడ్డాడు. మర్నాడు భార్య రజని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరు అంతా విని హిందీలో చెప్పారు. "ఇన్ఫెక్షన్ తగ్గినా కొందరికి పేగు ఇలాగే ఉండిపోతుంది. అంతే అయితే భయం లేదు, మందులిస్తాను. రక్తం పడితే మాత్రం లోపల పుళ్లున్నాయేమో చూడాలి. అప్పుడు విరేచనాలు ఆపే ఆ మాత్రలు ప్రాణం మీదికి తెస్తాయి. ఖూన్ గిర్తా హై?"

"నహీ సార్" అన్నాడు సూర్యం.

డాక్టరు కలం తీసి మందులు రాయడం మొదలుపెట్టారు. హమ్మయ్య అనుకున్నాను.

"గిర్తా హై సార్" అంది రజని. "దసరా సే."

సూర్యం ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు.

"నీకెలా తెలుసే?"

"నీ బట్టలు ఉతికేది నాను కాదేటి? నువ్వే సెప్తావని రోజూ సూత్తన్నాను. అడిగితే మావయ్యలాగ అయిపోతావేమోనని నాకూ బయమే మావా."

నాలుగు నెలలు ఒకే గదిలో పడుకుని, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు వణికారన్నమాట.

డాక్టరు రాసిన కాగితం చింపేసి, పేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష రాశారు. ఎల్లుండి రమ్మన్నారు. సూర్యం లేవలేదు.

"మా నాన్నకొచ్చిందేనా సార్?"

"చూడకుండా చెప్పలేను" అన్నారు డాక్టరు.