రాగిముద్దకు వైన్ జత

నవ్వేది తర్వాత, ముందు టీ తాగుతా వినండప్పా. మొన్న ఆదివారం మధ్యాన్నం ఒక్క భోజనం చేసినా. చెయ్యి కడుక్కునేలోపల ఇరవై ఏండ్ల నా చీరల యాపారం చేతులు మారిపాయ!

మా ధర్మవరం ఇంట్లో మగ్గం మీద నేసేది నా భార్య సుభద్ర. అమ్మేది, మాటలు చెప్పేది నేను. బెంగళూరులో చీరలంగడి ఉండే శాలిని మేడం మాకు పాత గిరాకీ. ఆమె ఫోన్ చేసింది. "రాజన్నా, పెనుకొండ దగ్గర హైవే మీద కొత్త రిసార్ట్ ఉంది. అక్కను పిల్చుకుని రండి. భోంచేస్తూ పెండ్లి చీరల ఆర్డర్ మాట్లాడుకుందాం."

నలభై చీరల ఆర్డర్! ఇస్త్రీ చొక్కా వేసుకుని పోతి.

కడుపునిండా వడ్డిస్తారనుకుంటి. నల్లకోటు సర్వర్ వచ్చి, "టేస్టింగ్ మెనూ సార్. ఏడు కోర్సులు. ఒక్కోదానికి ఒక్కో వైన్ జత" అన్యాడు. ఇంత పెద్ద ప్లేటు తెచ్చి పెట్టినాడు. మధ్యలో ఏముండాది? ఉసిరికాయంత రాగిముద్ద! పక్కన బొట్టు పెట్టినట్ల చెనక్కాయల చట్నీ.

"ఇది శాంపిలా?" సుభద్ర నా చెవిలో అడిగింది.

"ఊరుకో, మేడం వింటాది."

గ్లాసులో లేత పసుప్పచ్చ వైన్ పోసి, "దీంట్లో పచ్చిమామిడి, వానకు తడిసిన మన్ను వాసన వస్తుంది సార్" అన్యాడు సర్వర్. నాకు పులిసిన వాసన తప్ప ఏమీ రాలే. అయినా, "ఔనౌను, మన్నే!" అంటి.

సుభద్ర గ్లాసు ముట్టలే. పిలిచినోళ్ల ముందర వదిలిపెడితే మర్యాద కాదని నాదీ తాగేస్తి, ఆమెదీ తాగేస్తి. మేడం ఒక్కో గుటక వేసి పక్కన పెడతాంది. "నిధాన, రాజన్నా, నిధాన" అని మధ్యలో కన్నడంలో చెప్తాంది. మెల్లగా తాగమంటాందని తెలుసు. అయినా, పాపం మొహమాటపడతాంది, మనమన్నా గట్టిగా తాగల్ల అనుకుంటి!

నాలుగో కోర్సు, రూపాయి బిళ్ళంత కోడిముక్క. ఎర్ర వైన్. రెండు గ్లాసులూ ఖాళీ. ఏడో కోర్సు ఐస్‌క్రీము వచ్చేసరికి కిటికీలో పెనుకొండ కొండలు రెండింతలైనాయి. నాకు ఎక్కడలేని తెలివొచ్చేసింది.

మేడం, "ఇంక ఆర్డర్ సంగతి..." అనింది.

"ఆర్డర్ ఉండనీండి మేడం! ముందు మీరు కట్టుకున్న ఈ చీర ఎవురు అంటగట్టినారో చెప్పండి. అంచు పాము పోయినట్ల వంకరలు పోతాంది. కండ్లు మూసుకుని నేసినారు!" అని గట్టిగా అంటి. హాలంతా మా దిక్కు తిరిగింది.

మేడం స్పూను ఆగిపోయింది. "రాజన్నా... ఇది పోయినేడు మీరిచ్చిందే కదా."

సుభద్ర నన్ను చూడకుండానే అనింది, "నేసింది నేను."

అయిపాయ! నలభై చీరలూ పాయ, కాపురమూ పాయ అనుకుంటి. సుభద్ర లేచి మేడం దగ్గరికి పోయింది. "ఒకసారి కొంగియ్యండమ్మా" అని తీసుకుని టేబుల్ మీద పరిచింది. "ఇప్పుడు చూపించు. యాడుండాది వంకర?"

నేను తీరుగా గురిచూసి వేలు పెడితి. అది పోయి పక్క ప్లేటులో ఐస్‌క్రీములో దిగబడింది! అంచు మాత్రం గీత గీసినట్ల తిన్నగుండాది.

మేడం నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. "అంచు సరిగానే ఉంది రాజన్నా, మీరే ఒక పక్కకు ఒరిగిపోయినారు!" ఆర్డర్ ఇచ్చింది. కానీ ఫోన్ తీసి, "అక్కా, మీ నంబర్ చెప్పండి. ఇంక మాటలన్నీ మీతోనే" అనింది.

నిన్న మేడం ఫోన్ చేస్తే సుభద్రే ఎత్తింది. నేను పక్కన నిలబడి, నాకియ్యి అని సైగ చేస్తాండా.

"ఆయప్పా? చీరలు మడతేస్తాండాడు మేడం. పిలవాల్నా?"

"వద్దొద్దక్కా! అంచులు కలిసేటట్ల మడతేయమని చెప్పండి, చాలు!"

వేస్తాండానప్పా. స్కేలు పెట్టుకుని మరీ వేస్తాండా!