డబ్బాకు వేలాడిన సంచి

యుద్ధం ఆగిపోయిందని రేడియోలో చెప్పారు గానీ, అల్ ఖోబర్‌లో ఎవరూ ఎవరినీ నమ్మడం ఇంకా మొదలుపెట్టలేదు. కిటికీ అద్దాలకు అంటించిన టేపులు అలాగే ఉన్నాయి. ఉత్తరపు గాలి వీచిన రోజున కువైట్ నూనె బావుల మసి వచ్చి ఆరేసిన బనీన్ల మీద పడేది. అసలే నేను పుట్టు అనుమానపు మనిషిని. పాలు కొంటే చెంబులో వేలు ముంచి చూడందే ఇంట్లోకి పోనివ్వను. అలాంటివాడికి ఆ రోజులు పండగే.

నేనొక మెయింటెనెన్స్ కంపెనీలో మేస్త్రీని. చలికాలం వానలకు ఒక పెద్ద విల్లా కప్పు కారిందని మమ్మల్ని పంపారు. పైన పరిచిన సిమెంటు బిళ్ళలు, వాటి కింది ఇసుక, తారు షీట్లు అన్నీ పీకేసి కొత్తవి వేయాలి. ఆ చెత్త రోడ్డు మీద పోస్తే బలదియా వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు ఊరుకోరు. అందుకని కంపెనీ ఒక పెద్ద ఇనుప డబ్బాను కిరాయికి తెప్పించి గోడ పక్కన పెట్టించింది. అందులో పది బర్రెలను కట్టేయొచ్చు. అడుగులు కోసేసిన డ్రమ్ములను ఒకదాంట్లో ఒకటి గుచ్చి, ఆ గొట్టంలోంచి చెత్తను కిందికి జార్చేవాళ్ళం. రోజు విడిచి రోజు పొద్దున ట్రక్కు వచ్చి, ఖాళీ డబ్బా దించి, నిండినదాన్ని గొలుసులతో ఎత్తుకుని పోయేది.

మా ఫోర్మన్ హైదరాబాద్ ఆయన. ఈ కప్పు పూర్తయితే నా ఛుట్టీ కాగితాలు తానే తెచ్చిస్తానన్నాడు. యుద్ధం పేరు చెప్పి అప్పటికే రెండుసార్లు నా సెలవు ఆపారు. నేను సౌదీకి వచ్చాక పుట్టిన బిడ్డకు రెండున్నరేళ్ళు. దాన్ని ఫొటోలో తప్ప చూడలేదు. ఆ కాగితాల కోసం బిళ్ళల్ని కాదు, కొండనైనా పగలగొట్టేవాణ్ణి.

ట్రక్కు నడిపేవాడు యెమెన్ మనిషి. అంతకుముందు వాళ్ళకు అక్కడ కఫీల్, అంటే పూచీపడే సౌదీ యజమాని అక్కర్లేకుండానే పని చేసుకునే వీలుండేది. కువైట్ గొడవలో వాళ్ళ దేశం సౌదీ పక్షాన నిలబడలేదని ఆ వీలు తీసేశారు. కఫీల్ దొరకనివాళ్ళు మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటారు. ఇతను మాత్రం మిగిలాడు. ఎలా మిగిలాడన్న ఆ ఒక్క ప్రశ్న చాలు నాకు.

కప్పు మీంచి అతన్ని కనిపెట్టి ఉండేవాణ్ణి. రాగానే డబ్బా చివరికి నడిచేవాడు. గొలుసు తగిలించే కొక్కేనికి ముడివేసిన ప్లాస్టిక్ సంచి ఒకటి వేలాడుతూ ఉండేది. అది మేం కట్టింది కాదు. అటూ ఇటూ చూసి, విప్పుకుని, క్యాబిన్‌లో పెట్టుకునేవాడు. ఒకరోజు డబ్బా అంచు ఎక్కి మా చెత్తలో చెయ్యిపెట్టి దేవులాడాడు. ఏదో తీసి, దుమ్ము ఊది, పెదవులకు ఆనించి, నుదుటికి తాకించి, ఆ సంచిలో వేసుకున్నాడు. అదేమిటో పైనుంచి కనపడలేదు. దొంగ దొరికిన సొత్తుకు దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. మా జట్టులో పక్కూరి తమ్ముడికి చెబితే తట్ట ఎత్తుకుంటూ, "ఆయన పని ఆయన చేస్కుంటుండు. నీకెందుకన్నా?" అన్నాడు.

ఆ వారమే రాగి పైపులు పోయాయి. కప్పు మీది ఏసీలు విప్పినప్పుడు తీసి పిట్టగోడ వారన పెట్టినవి. ఫోర్మన్ అందరినీ నిలబెట్టి అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ముందు తల దించుకున్నాను. తియ్యలేదు, నిజం. కానీ కాపలా నాది. నన్ను పక్కకు పిలిచాడు.

"పైపులు నీ జిమ్మల్నే ఉండె గద. కఫీల్ అడిగితే ఏం జెప్పాలె?"

పోలీసులూ, ఆగిపోయిన సెలవూ, ఫొటోలో పిల్లా ఒక్కసారి కళ్ళముందు మెదిలారు.

"ఆ యమనోడు వచ్చినప్పుడల్లా సంచి తీస్కపోతుండు సాబ్. నా కండ్లతోని చూసిన."

చెప్పింది అబద్ధం కాదు. ఆ సంచిలో పైపు పట్టదని కూడా నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

తర్వాతి ట్రిప్పుకు వేరే డ్రైవరు వచ్చాడు, పాకిస్తానీ. అతను సంచిని విప్పి చూడలేదు, తీసుకుపోలేదు. నిండిన డబ్బా ఎత్తే ముందు దాన్ని తీసి గోడ మేకుకు తగిలించి పోయాడు. నాలుగు రోజుల్లో మేకుకు మూడు సంచులయ్యాయి. అప్పుడే ఫోర్మన్ నవ్వుకుంటూ వచ్చాడు. పైపుల్ని మా ఏసీ మెకానిక్కులే ఎవరికీ చెప్పకుండా గోడౌన్‌కు చేరవేశారట. కప్పు పని కూడా అయిపోవచ్చింది. నా కాగితాలు చేతిలో పెట్టాడు.

నేను కిందికి దిగి ఒక సంచి ముడి విప్పాను. ఎండిన ఖుబూస్ రొట్టెలు. అప్పుడే ట్రక్కుతో వచ్చిన పాకిస్తానీ డ్రైవరు ఉర్దూలో చెప్పాడు. రొట్టెను ఇక్కడ చెత్తలో కలపరట, విడిగా కట్టి వేలాడదీస్తారట. పక్కింటివాళ్ళు కట్టిన వాటిని ఆ యెమెన్ మనిషి ఊరి చివరి మేకల మందకు వేసేవాడట. మేం తిని పారేసిన ఖుబూస్ ముక్కల్ని తారు షీట్ల మధ్యనుంచి ఏరుకున్నది కూడా అందుకే. మెతుకు తొక్కితే కళ్ళకద్దుకోమని మా అమ్మ నేర్పిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. నాకు సిగ్గేసింది.

అతనెక్కడని అడిగాను. దొంగతనం మాట పడ్డాక అతని కఫీల్ ఉంచుకోలేదట. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి దేశానికి పంపించేశాడట.

ఫోర్మన్ దగ్గరికి వెళ్ళి, నాది పొరపాటని చెప్పాలనుకున్నాను. ఆఫీసు మెట్లదాకా పోయాను కూడా. జేబులో కాగితాలున్నాయి. ఇప్పుడు నోరు తెరిస్తే మళ్ళీ ఏమవుతుందోనని వెనక్కి తిరిగాను. గోడకున్న సంచులు నేనే మోసుకెళ్ళి మేకలకు వేశాను. మర్నాటికి ఇంకో సంచి కట్టి ఉంది.

ఇంటికి చేరిన రోజు బిడ్డ నా దగ్గరికి రాలేదు. తలుపు చాటునుంచి, దొంగను చూసినట్టు చూసింది. అన్నం దగ్గర అది కింద పడేసిన మెతుకులు ఏరి కళ్ళకద్దుకున్నాను.

"అక్కడికి పోయినంక నీకు భక్తి పెరిగింది" అంది మా ఆవిడ.

అవునన్నాను.