సొరకాయ మఫిన్లలో పంచదార

ఘాజియాబాద్‌లో వాళ్ళుండే సొసైటీలో అరుంధతి అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఆవిడ మఫిన్ ఆంటీ. తెనాలి నుంచి పెళ్ళై వచ్చి, భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, కూతురు నేహా చదువు, వీటి మధ్యే ఏళ్ళు వెళ్ళిపోయిన మనిషి. తనకంటూ ఒక పేరు రావడం ఆవిడకి ఎంతో ముద్దుగా ఉండేది.

మొదలుపెట్టింది నేహా కోసమే. కూర అంటే కంచం తోసేసే పిల్లకి క్యారెట్టూ సొరకాయా తురిమి, గోధుమపిండిలో కలిపి, పెరుగూ కాస్త ఖర్జూరం ముద్దా వేసి మఫిన్లు చేసిపెట్టేది. సొరకాయ తురుము గట్టిగా పిండకపోతే మఫిన్ మధ్యలో జిగటగా ఉండిపోతుందనీ, మరీ పిండితే పొట్టులా రాలిపోతుందనీ చెడగొట్టుకుంటూనే నేర్చుకుంది. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. దాంతో సొసైటీ దీపావళి మేళాలో బల్ల వేసి, 'పంచదార లేదు' అని హిందీలో, ఇంగ్లీషులో అట్ట రాసి పెట్టింది.

ఆ రోజు ఎవరూ రెండోది అడగలేదు. ఒక పిల్లాడు కొరికి, వాళ్ళమ్మ అరచేతిలోకి ఉమ్మేశాడు. అరుంధతి నవ్వుతూనే నిలబడింది గానీ, ట్రేలు నిండుగా ఇంటికి తెచ్చుకునేటప్పుడు లిఫ్టులో ఎవరి మొహమూ చూడలేకపోయింది.

తర్వాతి మేళాకి పిండిలో పంచదార పోసింది. కొంచెమే అనుకుంది. రుచి చూసి ఇంకాస్త పోసింది. నేహా పక్కనే ఉంది.

"మమ్మీ, బోర్డ్ పే తో నో షుగర్ లిఖా హై."

"ఏదో కాస్తలే. నువ్వెళ్ళి చదువుకో."

ట్రేలు ఖాళీ అయిపోయాయి. ఖర్జూరంతోనే ఇంత తీపా అని జనం ఆశ్చర్యపోతుంటే, అట్ట తీసేద్దామనే అనుకుంది. తియ్యలేదు.

ఆ జనంలో రాజేశ్వరమ్మ ఉంది. వరంగల్ ఆవిడ. భర్త హనుమయ్య ఢిల్లీలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అరుంధతి వాళ్ళ పై అంతస్తులోనే కాపురం.

"షక్కర్ ఏం లేదు గద బిడ్డా? మా ఆయనకు షుగరున్నది."

"లేదాంటీ. ఖర్జూరమే."

మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో అరుంధతికే వింతగా అనిపించింది.

అప్పట్నుంచి హనుమయ్యకి బిస్కెట్లు మాన్పించి రాజేశ్వరమ్మ ఈ మఫిన్లే కొని పెట్టసాగింది. పొద్దున ఛాయ్‌తో ఒకటి, సాయంత్రం ఛాయ్‌తో ఒకటి. ఆయన లిఫ్టులో కనబడితే చాలు, "నీ పుణ్యాన నా నోటికి రుచి దొరికింది బిడ్డా" అనేవాడు. అరుంధతి ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకునేది.

ఎండాకాలం వచ్చేసరికి ఆయన షుగర్ బాగా పెరిగింది. డాక్టర్ మందు పెంచి, ఈసారి తగ్గకపోతే ఇన్సులినే అన్నాడు. రాజేశ్వరమ్మకి అనుమానం భర్త మీదికే పోయింది. ఇంట్లో తీపే లేనప్పుడు ఎట్లా పెరుగుతుంది? బయట తింటున్నాడు.

"నేను తినలేదే, నీమీద ఒట్టు" అన్నాడాయన.

"ఉత్త ఒట్లు నాకెందుకు?" అని ఆవిడ పార్కులో ఆయనతో కూర్చునే స్నేహితులందరికీ, గేటు ఎదురు మిఠాయి కొట్టువాడికీ చెప్పింది, ఓ కన్నేసి ఉంచమని. స్నేహితులకి అది వేళాకోళమైపోయింది. హనుమయ్య వస్తుంటే "ఆయియే జలేబీ సాబ్" అనడం మొదలుపెట్టారు.

ఇదంతా అరుంధతికి రాజేశ్వరమ్మే వచ్చి చెప్పుకుని ఏడ్చింది. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. అరుంధతి మంచినీళ్ళిచ్చింది. "పెద్దవాళ్ళు కదా ఆంటీ, నోరు కట్టుకోలేరు" అంది. అని, ఆవిడ వెళ్ళిపోయాక పొయ్యి దగ్గర ఉత్తినే నిలబడిపోయింది.

తప్పు దిద్దుకోడానికి ఆవిడ ఒక దారి వెతుక్కుంది. ఆయనకి పంపే మఫిన్లు విడిగా, చిటికెడు పంచదార కూడా లేకుండా చేసింది. ఎవరికీ తెలియకుండా అంతా సర్దుకుంటుందనుకుంది. కానీ రెండ్రోజులకే హనుమయ్య అన్నాడట, "ఈసారి సప్పగున్నయేందే" అని. రాజేశ్వరమ్మకి ఇంకేం కావాలి?

"చూసినవా బిడ్డా! బయట తీపి మరిగిన నోటికి ఇవి సప్పగుండయా మరి?"

ఆ వారంలోనే ఒక సాయంత్రం అరుంధతి గేటు ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టులో పనీర్ కోసం ఆగింది. ముందు హనుమయ్య నిలబడి ఉన్నాడు. ఇంటికి చుట్టాలొచ్చారట, కారప్పూస అడుగుతున్నాడు.

ఏమీ ఇవ్వొద్దని ఆంటీ చెప్పిందంటూ కొట్టువాడు చేతులు జోడించాడు. "అంకుల్‌జీ, ఆంటీ నే మనా కియా హై. ఆప్‌కో కుచ్ నహీ దేనా."

"నమ్‌కీన్ హై భయ్యా, మీఠా నహీ." కారమే, తీపి కాదన్నాడు హనుమయ్య.

"మనా కియా హై జీ."

వెనకున్న కుర్రాళ్ళు నవ్వారు. హనుమయ్య వెనక్కి తిరిగాడు, అరుంధతిని చూశాడు, చిన్నపిల్లాడిలా నవ్వబోయి నవ్వలేక, ఖాళీ సంచీ మడతపెట్టుకుంటూ రోడ్డు దాటాడు. అరుంధతి పనీర్ కొనుక్కుంది. ఆయన వెనకే పరిగెత్తాలని కాళ్ళకి అనిపించలేదా అంటే అనిపించింది. కానీ కదల్లేదు.

తర్వాత చేయించిన పరీక్షలో షుగర్ దిగింది. రాజేశ్వరమ్మ సంబరంగా పిలవడానికి కిందికి వచ్చింది. అరుంధతి పైకి వెళ్ళేసరికి హనుమయ్య బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు.

"కాపలా పెట్టినంక దిగింది సూడు! ఇగ నువ్వే చెప్పు, తిన్నడా లేదా?"

హనుమయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు, "తిన్న లే. తిన్ననే అనుకో. ఇగ ఇడిసిపెట్టు."

చెయ్యని తప్పు ఒప్పుకుంటున్న ఆ గొంతు విన్నాక అరుంధతి గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వచ్చింది.

"ఆయన తినలేదాంటీ. నేనే పెట్టాను. మొదట్నించీ అందులో పంచదార పోస్తున్నాను. మొన్న మానేశాను, అందుకే దిగింది."

రాజేశ్వరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు. భర్త వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

హనుమయ్య ఇప్పుడు చూపు ఇటు తిప్పాడు. అన్నాడు, "మా ఇంట్ల చెప్పినవు, మంచిదే. పార్కుల కూసునేటోళ్ళకు ఎవరు చెప్పాలె?"

మర్నాడు పొద్దున్నే అరుంధతి పార్కుకెళ్ళి, ఆ ముసలాళ్ళ ఎదురుగా నిలబడి, ఆయనేం తినలేదని, పంచదార పోసింది తనేనని తడబడుతూ హిందీలో చెప్పింది. "అంకుల్ నే కుచ్ నహీ ఖాయా. గల్తీ మేరీ థీ. చీనీ మై డాల్తీ థీ." ఒకాయన తేలిగ్గా నవ్వేశాడు. షుగరున్న తల్లికి ఆ మఫిన్లే కొనుక్కెళ్ళే ఒకావిడ మాత్రం నడక ఆపేసి, అరుంధతిని పైనుంచి కిందికి చూసి, ఫోన్ తీసింది. అక్కణ్ణుంచి అరుంధతి మిఠాయి కొట్టుకి కూడా వెళ్ళి అదే మాట చెప్పింది.

సాయంత్రానికి సొసైటీ వాట్సాప్ గ్రూపంతా అదే. భర్త ఆఫీసు నుంచి రాగానే చదివి, "నాతోనైనా చెప్పలేదే" అన్నాడు. నేహా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఏదైనా అనుంటే బాగుండుననిపించింది అరుంధతికి. మఫిన్ ఆంటీ అని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఆ మాటే ఆవిడ వెనక గుసగుసగా అంటున్నారు. ఎవరూ కొనడం లేదు. లిఫ్టు వస్తే జనం ఉన్నారేమో చూసి, ఉంటే మెట్లెక్కేది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. రాజేశ్వరమ్మ. కూర్చోమంటే కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకొచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది.

"ఆయనకు బిస్కెట్లు ఇయ్యనీకి మనసొప్పుతలేదు. నా ముందర చెయ్యి. నేను చూస్త."

అరుంధతి సొరకాయ తీసింది. చెక్కు తీస్తుంటే, తురుముతుంటే, గుడ్డలో వేసి పిండుతుంటే రాజేశ్వరమ్మ కళ్ళు ఆ చేతులమీంచి కదల్లేదు. వేసే ప్రతి డబ్బా మూత తీసి, వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుని చూసింది. ఉప్పు కూడా.

మఫిన్లు చల్లారేదాకా అక్కడే నిలబడింది. ఆవిడ రెండే తీసుకుని, కొంగులో పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. హనుమయ్య వాటిని తిన్నాడో లేదో అరుంధతి ఎవర్నీ అడగలేదు.