పెళ్లి లింకులో అమ్మ

అమ్మ పోయిన నాలుగో రోజున పెద్దకర్మ కార్డుకి ఫొటో కావాల్సి వచ్చింది. బ్యాంకు పుస్తకం మీద ఒకటుంది గానీ, అందులో అమ్మని అమ్మే గుర్తుపట్టేది కాదు. రెండు నెలల కిందట మా అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ ఫొటోగ్రాఫర్ లింకుగా పంపాడు. బంధువుల గ్రూపులో అందరూ దండాలు పెట్టారు, ఒక్కరూ డౌన్‌లోడ్ చేసుకోలేదు. ఫోన్లో కనిపిస్తే చాలు, మన దగ్గరున్నట్టే అనుకునే రకం మేము.

ఫోన్ చేస్తే, "ఇవాళ సాయంత్రం దాకే ఉంటుందండి. స్టోరేజీ నిండిపోయింది, తీసేస్తున్నా. వేరే కాపీ కూడా లేదు" అన్నాడు ఫొటోగ్రాఫర్. తిట్టే ఓపిక లేక సరే అన్నాను.

మా ఊళ్లో సిగ్నల్ సరిగా అందేది కల్లం దగ్గరే. ఎండబోసిన మిరపకాయల పక్కన కూర్చుని అన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ చేయబోతే సగంలో ఆగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ ఆగింది. ఇక ఒక్కోటీ తెరిచి చూడటం మొదలుపెట్టాను. ఎవరి జడో, ఎవరి చెయ్యో, విస్తట్లో బూరెలు. ఒక్క తాళిబొట్టుకే నలభై ఫొటోలు. అమ్మ మాత్రం ఎక్కడా లేదు.

నాన్న పోయాక శుభకార్యాల్లో అమ్మ ముందుకొచ్చేది కాదు. ఎవరూ చెప్పకుండానే తప్పుకునేది. "మీ అమ్మకి పద్ధతి తెలుసయ్యా" అని మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకున్నాను, నా బుద్ధి తగలెయ్య!

కళ్లు మండిపోతుండగా, ఎండ వాలే వేళకి దొరికింది. తలంబ్రాలప్పుడు తీసింది. ఆ ఒక్కసారి ఆగలేకపోయినట్టుంది, మొదటి వరసలో నిలబడి మనవరాలిని చూస్తూ నోరారా నవ్వుతోంది. ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి, పక్కకి జరుపుతోంది. పెద్దది చేసి చూశాను. మణికట్టుకున్నది నా వాచీ. అలా జరిపిన సంగతే నాకు గుర్తులేదు.

ఆ ఒక్కటీ డౌన్‌లోడ్ చేసి ప్రెస్సుకి పంపాను. కార్డులు చేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"ఫొటో బాగుందండి. ఆ చెయ్యి తీసెయ్యమంటారా?"

"తీసెయ్యమ్మా."

పెద్దకర్మ రోజున వచ్చినవాళ్లంతా కార్డు చూసి, అమ్మ ఎంత కళగా నవ్వుతోందో అన్నారు. నేను తలూపాను. లింకులో దాని తర్వాతి ఫొటో కూడా చూశాను నేను. అందులో అమ్మ లేదు. ఆమె నిలబడ్డ చోట నేను నిలబడి నవ్వుతున్నాను.