బండ్ల వరుసలో నిలబడి విన్న దస్తగిరి సాహెబు

క్లారినెట్ దస్తగిరి సాహెబు గారు ఇక లేరు. ప్రొద్దుటూరులో ఒకప్పుడు ఆయన వాద్యం మోగని పెళ్ళి పందిరి అరుదు గనుక ఈ దుర్వార్త చాలామందికి ఇప్పటికే అంది ఉంటుంది. అందనివారికి చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది.

పోయిన శుక్రవారం ఉదయం జవుళి అంగట్లో గుడ్డ కొలుస్తున్నాను. మా హార్మోనియం ఓబులేసు వచ్చి గడప అవతలే నిలబడిపోయాడు. కాళ్ళకు చెప్పులు లేవు.

"దస్తగిరి మామ పాయనప్పా. తెల్లార్తో గుండె పట్టుకున్యాడంట. డాక్టరు వచ్చేలోపల్నే అయిపాయ."

ముందు రోజు సాయంత్రమే ఆయన మా అంగడి అరుగు మీద కూర్చొని, జరగబోయే జమ్మలమడుగు కచేరీ గురించి మాట్లాడి వెళ్ళారు. ఇంటికి పోయి ఫిడేలు తెస్తానన్నాను. తోటి వాద్యకారుడిని వాద్యంతో సాగనంపాలన్నదొక్కటే అప్పుడు నాకు తోచింది. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు.

"వాళ్ళల్లో సావుకు పాట ఉండదంట సుబ్బయ్యా. వట్టి చేతుల్తో రా."

ఎందరి ఊరేగింపుల ముందో వాయిస్తూ నడిచిన మనిషి ఆ రోజు ఒక్క స్వరమైనా లేకుండా వెళ్ళిపోయారు. మేము చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనుక నడిచాము.

నా బడి చదువు ఐదో తరగతితోనే ఆగింది. తక్కినదంతా మా ఊరి గ్రంథాలయం పెట్టిన భిక్ష. పాశ్చాత్య దేశాలలో యాభై అరవై మంది కలిసి కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క వాద్యం మీద వేర్వేరు స్వరాలు పలికిస్తూ, అంతా కలిపి ఒకే సంగీతంగా వినిపిస్తారని అక్కడే చదివాను. చదివాను గాని నమ్మకం కుదరలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఒక నాటక సమాజం మా ఊరికి వచ్చింది. తెర లేచేముందు అరగంటసేపు వాళ్ళ వాద్యబృందం వాయించేది. వాళ్ళ క్లారినెట్ మనిషికి జ్వరం రావడంతో మా ఊరి బ్యాండు మేళం నుంచి దస్తగిరి సాహెబు గారిని పిలిచి కూర్చోబెట్టారు. హార్మోనియం, ఫిడేలు, తబలా ఒకదాని పక్కన ఒకటి నడుస్తుండగా ఆయన క్లారినెట్ వాటన్నిటి నడుమ నుంచి పైకి లేచింది. గ్రంథాలయంలో చదివినది నిజమేనని ఆ సాయంత్రం నా చెవులు ఒప్పుకున్నాయి. తెర లేవగానే నేను లేచి ఇంటికి వచ్చేశాను.

మరునాడు ఆయన అంగడికి వచ్చి, "టిక్కెట్టు కొని నాటకం చూడకుండా పొయ్యింది నువ్వేనంటనే! ఏందప్పా, పిచ్చేమన్నా పట్టిందా?" అని అడిగారు.

"మాటలు పడితే మీ వాయింపు చెవుల్లోంచి పోతుందని భయం వేసింది మామా" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూసి, "అయితే నీకు ఏదో ఒక వాయిద్యం అంటగట్టాల్సిందే" అన్నారు. నేను ఫిడేలు పట్టడానికి ఆ మాటే కారణం. కొన్నేళ్ళకు ఆయనా, ఓబులేసూ, తబలా డోలకుల వాళ్ళూ, నేనూ కలిసి ఒక చిన్న వాద్యబృందం అయ్యాము. పాట లేకుండా, నాటకం లేకుండా ఉత్త వాద్యాలే వినిపించే బృందం మా ప్రాంతంలో అప్పటికి మాదొక్కటే.

విదేశీ బృందాల గురించి చదివినది ఒకనాడు ఆయనకు వర్ణించి చెప్పాను. అంతా విని, "అరవై మంది వాయించేది గొప్ప గాదప్పా. ఒగరిదొగరు యాట్ల ఇంటారో అది రాసినాడేమో చూడు" అన్నారు. మళ్ళీ వెళ్ళి వెతికాను. ఆ సంగతి ఆ పుస్తకంలో లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు మూడేళ్ళు మాకు మంచి రోజులు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో బడి వార్షికోత్సవమైనా, శ్రీరామనవమి పందిరి అయినా మమ్మల్ని పిలిచేవారు. ఓబులేసు మోహన రాగంలో ఒక గత్తు, అంటే ఉత్త వాద్యాలకే సరిపడే బాణీ, కట్టాడు. దాని నడుమ అందరమూ ఆగిపోతే క్లారినెట్ ఒక్కటే వాయించే చోటు ఉంది. జనం ఆ ఘట్టం కోసమే కాచుకొని "వన్స్ మోర్" అని అరిచేవారు.

అటువంటి సమయంలో ఆయన పళ్ళకు చీము పట్టింది. క్లారినెట్ వాద్యం పై వరుస ముందుపళ్ళ ఆసరాతో నోట నిలుస్తుంది. ఆ పళ్ళు పోతే పట్టు పోతుంది. వరుస మొత్తం తీసెయ్యాలని డాక్టరు చెబితే ఆయన నెలల తరబడి వాయిదా వేశారు. దవడ వాచి, అన్నం మాని, గంజి తాగుతూ కూడా కచేరీలకు వచ్చారు. ఆయన భార్య హుసేన్‌బీ గారు మా ఎదుటే కసిరేవారు.

"పండ్లు అన్నం నమిలేదానికా, ఆ నల్లకట్టెను కరిచేదానికా? నువ్వన్నా చెప్పు సుబ్బయ్యా."

"ముందరివి రెండు ఇడిసిపెట్టమని అడుగుతాండానే! ఆ డాక్టరు ఇననంటాడు" అనేవారాయన, ఏదో బేరం తెగనట్లు.

చివరకు అన్నీ తీసేశారు. కట్టుడు పళ్ళు వచ్చాక ఇంట్లో తలుపులు మూసుకొని సాధన చేశారు. వచ్చిందని మాతో అన్నారు. మేమూ నమ్మాలనుకున్నాము, నమ్మాము.

ఆ తరువాతి కచేరీ పులివెందులలో. మోహనంలో ఆయన చోటు వచ్చింది. అందరమూ ఆగాము. క్లారినెట్ నుంచి మొదట గాలి వచ్చింది. తరువాత ఒక కీచుశబ్దం వచ్చింది. రెండవసారి ప్రయత్నించారు. మళ్ళీ అదే. "సాయిబూ, కోడిపెట్టను తొక్కినావా?" అని ఎవరో అరిచారు. పందిరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే వాద్యాన్ని తన చాప మీద పెట్టి, వేదిక దిగి, జనంలో నుంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయారు. ఓబులేసు ఆ ఖాళీని హార్మోనియంతో ఎలాగో పూడ్చాడు.

వెళ్ళిపోయారనే అనుకున్నాము. కొంతసేపటికి జనం అంచున, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు బండ్లు విప్పుకొని వాటి మీదే కూర్చున్న చోట, ఒక తెల్ల తువ్వాలు పైకి లేచింది. దస్తగిరి మామే. దించి మళ్ళీ ఎత్తారు. ఇంకా గట్టిగా వాయించమని అర్థం. నేను ఫిడేలు మీద కమాను ఒత్తి వాయించాను. తువ్వాలు భుజం మీదికి చేరింది.

కచేరీ అయ్యాక ఆయన ఏడుస్తారేమో, ఏమని ఓదార్చాలా అని మేము తంటాలు పడుతుంటే ఆయనే వచ్చి మమ్మల్ని తిట్టారు.

"నీ ఫిడేలు నాలుగో వరసకాడ్నే పండుకుంటాందప్పా! కుర్చీల్లో కూచున్న పెద్దోళ్ళకు మీరు వాయించకపోయినా బాగానే ఉంటాది. బండ్ల మీదోళ్ళు ఏం పాపం చేసినారు? ఆరు మైళ్ళు తోలుకోనొచ్చినారు వాళ్ళు."

ఆ రోజు నుంచి ఆయన స్థానం అదే. ప్రతి కచేరీలోనూ బండ్ల వరుసలో నిలబడి వినేవారు. తువ్వాలు ఎత్తితే పెంచేవాళ్ళము, నేల వైపు జారవిడిస్తే తగ్గించేవాళ్ళము, భుజాన వేసుకుంటే మా ప్రాణం కుదుటపడేది. జమ్మలమడుగులో పెన్న మీది గాలి స్వరాలను పక్కకు ఈడ్చుకుపోతుంది. అక్కడ ఆయన ఏటి ఇసుకలో నడుస్తూ పోయి, వినిపించడం ఎక్కడ ఆగుతుందో చూసి వచ్చేవారు. ఒకసారి నిర్వాహకులు ఫిడేలుకు కూడా మైకు పెడితే నేను పొంగిపోయాను. ఆయన వచ్చి, "మైకు శానా బాగా ఇనపడింది. సుబ్బయ్య యాడా ఇనపడల్యా" అన్నారు. ఆ ఒక్క మాట జీర్ణం కావడానికి నాకు నెల పట్టింది. ఆయన అన్నది నిజం.

ఆయన ఎన్నడూ "బాగుంది" అనేవారు కాదు. మా వాయింపు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవారు, అంతే.

వాయించలేకపోతున్నందుకు బాధ లేదా అని ఒకనాడు ఆయన్ను అడిగాను. నేలకేసి చూస్తూ జవాబిచ్చారు.

"ల్యాకుండా ఎట్లుంటాదప్పా? గోడకు తగిలించిన దాన్ని చూడల్యాక మొగం తిప్పుకుంటా. ముందర కూచుంటే మీ చేతులు కనపడతాయి, నా చేతులు గుర్తుకొస్తాయి. ఎనకాల నిలబడితే పాట ఒక్కటే వస్తాది. అది ఎవురు వాయించిందైతే ఏముంది!"

ఖననం అయ్యాక హుసేన్‌బీ గారు మమ్మల్ని గుమ్మంలో ఆపారు. "రాత్రి పండుకునేముందర గూడా జమ్మలమడుగులో బండ్లు యాడ నిలుపుకోనిస్తారో కనుక్కోవాలని అంటాన్నాడు. మీరు ఆపొద్దండి నాయనా, పోయి వాయించండి" అన్నారు. ఆమె కళ్ళలో నీరు ఇంకిపోయింది. మా కళ్ళలో ఆగలేదు.

ఆమె మాట ప్రకారం మొన్న ఆదివారం జమ్మలమడుగు వెళ్ళి వాయించాము. మోహనంలో క్లారినెట్ చోటు నేను వాయించాలని ఓబులేసు అన్నాడు. వాయించాను. ముందు వరుసల వారు చప్పట్లు కొట్టారు, వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ వాయించాను. పెట్రోమాక్సు వెలుగుకు అవతల తెల్ల తువ్వాలు కనిపించలేదు. భయంతో కమాను ఎంత బలంగా లాగానో, అది ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియలేదు.

కచేరీ అయ్యాక నేనే బండ్ల దగ్గరికి వెళ్ళాను. పెద్దముడియం నుంచి వచ్చిన ఒక రైతు ఎద్దులను కడుతున్నాడు.

"అప్పా, ఫిడేలు ఈడికి ఇనపడిందా?" అని అడిగాను.

"శానా బాగుంది సామీ" అన్నాడు.

పక్క బండి వాళ్ళను అడిగాను. వాళ్ళూ బాగుందన్నారు. మర్యాదస్తులు. చీకట్లో ఇసుక దాకా నడిచి నిలబడ్డాను. దస్తగిరి మామా, మీ పాదాలకు నమస్కారం. ఎందరిని అడిగినా బాగుందనే అంటున్నారు. ఎక్కడిదాకా వచ్చిందో ఒక్కరూ చెప్పడం లేదు.